అడుగని యుత్తరములు

ఉత్తరము వ్రాసినవారే దాని వెల చెల్లించుకొనవలె నను నియమము మన కిప్పుడు సహజముగ దోచును గాని, యది లోకమున బుట్టి యింకను రెండువందల సంవత్సరములు కాలేదు. ఇంగ్లండునందు 1840వ సంవత్సరమునకు బూర్వము సాధారణముగ నుత్తరము నందుకొన్నవారే తపాలా వెల నిచ్చుచుండిరి. రోలండు హిల్లు అను నతని సంస్కరణమువలన నా సంవత్సరమున పెన్నీ బిళ్ల పుట్టి, భారము వ్రాయువానిపై బడినది. బ్రిటిషు ఇండియాలో 1854లోను, మా ఓరుగల్లు చేరియుండిన నిజాము రాజ్యమున వేరుగ 1869లోను తపాలాబిళ్లలు వెలువడినవి. ఈ మార్పు లోకమునకు జేసిన మేలు చౌకదన మొక్కటియే కాదు. పనిలేని సంగతులు వ్రాసి పదివేల యిండ్లకు బంప దలచినవాడు పదివేల బిళ్లలు కొనవలసి వచ్చెను. ఆ చిన్న కాగితపు ముక్క మన గడపకు గావలి కాచినది.

ఈమెయిలు వచ్చిన పిదప నా కావలి తొలగిపోయినది. ఒకరికి వ్రాసినను, కోటిమందికి వ్రాసినను పంపువానికి గలుగు వ్యయ మించుమించుగ సున్న. వచ్చినదానిని జూచుట, వేరుపఱచుట, తీసివేయుట, మోసమో నిజమో తేల్చుకొనుట, ఈ భారమంతయు నందుకొన్నవారిది. అనగా 1840కి బూర్వపు స్థితికే మనము మరలిపోయితిమి. వెల మాత్రము పైకముగా గాక కాలముగాను, కంటిచూపుగాను, మనశ్శాంతిగాను జెల్లించుచున్నాము. ఎవరును గోరకయే గుంపులు గుంపులుగ వచ్చి పడు నిట్టి యుత్తరములకే స్పాము అని పేరు.

సోదరీమణులారా! ఇది కంప్యూటరుల ముందు గూర్చుండు పురుషుల గొడవ యని మీలో గొందఱు పుట ద్రిప్పివేయ జూతురేమో. ఒక్క నిమిష మాగుడు. మీ పిల్లవాని యెంట్రెన్సు దరఖాస్తులో నిచ్చిన యీమెయి లెవరిది? బ్యాంకువారు నెలనెల పంపు లెక్క యెవరి ఫోనులో దెఱవబడుచున్నది? బడి రుసుము రసీదు, కరెంటు బిల్లు, ఇన్సూరెన్సు గడువు తేది, అమెరికాలో నున్న మరిది వ్రాయు సంగతులు, ఇవన్నియు జూచి యింటివారికి జెప్పువా రెవరు? తపాలా జవాను వాకిట నిలిచి పిలిచిన కాలమున బురుషు డింట లేనిచో ఉత్తరము గూటిలో బెట్టి యుంచెడివారము. నేడు గూడును మనదే, తాళమును మనదే. అందుచేత నా గూటిలో జెత్త నింపువారి సంగతి మనమే మొదట దెలిసికొనవలసి యున్నది.

మా యింటికి సమీపమున గొత్తవాడలో జంపఖానాలు నేయు నొక కుటుంబము గలదు. ఓరుగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చినది గదా! ఆ యుత్సాహమున నా యింటి కుమారుడు పరస్థలముల వర్తకులకు దెలియుటకై తల్లిపేర నొక యీమెయిలు తెఱచి, దానిని వర్తకుల పట్టిక యొకదానిలో బ్రకటించెను. మొదటి మాసమున రెండు బేరములు వచ్చినవి. ఆ తరువాత వచ్చినవి బేరములు కావు. ఒళ్లు తగ్గించు మందులు, అడుగని యప్పులు, ఎన్నడును గొనని లాటరీలో దగిలిన కోట్లు, ఖాతాయే లేని బ్యాంకులనుండి ఖాతా మూసివేయుదు మను బెదరింపులు. దినమునకు నూఱు దాటుచున్నవి. ఆ తల్లి ఫోను చేత బట్టుకొని వచ్చి నన్నడిగిన మాట నే డీ వ్యాసము వ్రాయుటకు గారణము: “నేనెవ్వలికి చెప్పలే. నా పేరు వాళ్లకెట్ల ఎర్కయింది బిడ్డా?”

ఆమె నష్టము విసుగుతో ముగియలేదు. ఈమెయిలు నడుపు సంస్థలవారు చెత్తను వేఱుచేయుటకై యొక యంత్రపు జల్లెడ బెట్టియుందురు. అనుమానించిన యుత్తరమును జల్లెడ ‘స్పాము’ అను మఱియొక యఱలో బడవేయును. బియ్యము చెఱిగినపుడు రాళ్లతోపాటు నాలుగు గింజలు క్రింద బడుట మన మెఱుగనిది కాదు. బెంగుళూరినుండి యొక దుకాణమువారు నలువది జంపఖానాలు గావలె నని వ్రాసిన యుత్తర మట్లు ఆ యఱలో బడి, పందొమ్మిది దినముల తరువాత గంటబడినది. అప్పటికి వారు వేఱొకచోట గొనివేసిరి. నలువది జంపఖానా లనగా నా మగ్గమున నెన్ని దినముల కూలియో మా జిల్లా స్త్రీలకు జెప్పవలసిన పని లేదు.

స్పాము అనునది నిజమునకు డబ్బాలలో నమ్మెడి యొక మాంసము పేరు. అమెరికాలో హార్మెలు అను సంస్థవారు 1937లో దాని నమ్మ నారంభించిరి. 1970లో ఇంగ్లండు టెలివిజనులో మాంటీ పైథాను అను హాస్యబృందమువా రొక ప్రహసన మాడిరి. అందలి భోజనశాలలో నే వంటక మడిగినను స్పాము కలిసియే వచ్చును. ఎవరైన మాటాడబోయిన, బ్రక్కవారు ‘స్పాము స్పాము’ అని పాడి యా మాటను ముంచివేయుదురు. మంచిమాట వినబడకుండ నొకే చెత్తమాట హోరెత్తించుట యను గుణమునుబట్టి యీ యుత్తరముల కా పేరు స్థిరపడినది.

ఇట్టి యుత్తరము మొట్టమొదట 1978వ సంవత్సరము మే 3వ తేదిని పుట్టినది. అప్పటికి ఇంటర్నెట్టు అను పేరు వ్యాప్తిలో లేదు. అమెరికా రక్షణశాఖ పోషించుచుండిన ఆర్పానెట్టు అను కూటమిలో విద్వాంసులును ఉద్యోగులును మాత్రమే యుండిరి. డిజిటల్ ఎక్విప్‌మెంటు అను సంస్థలో నుండిన గేరీ థర్క్ అను నతడు తమ క్రొత్త కంప్యూటరుల ప్రదర్శనకు రండని సుమారు నాలుగువందల మందికి నొకేమాఱు వ్రాసెను. అధికారులు కోపించి, మరల జేయవలదని హెచ్చరించిరి. కొంతకాల మా మందలింపే చాలినది. చిన్న యూరిలో నొకరి నొకరు ఎఱిగినపుడు పెద్దలు కోపపడినచో జాలును. ఊరు పట్టణమైన పిదప శాసనము గావలసి వచ్చును.

1994 ఏప్రిలులో నా పట్టణము బయటపడినది. లారెన్సు కాంటరు, మార్తా సీగెలు అను భార్యాభర్తలు, ఇరువురును న్యాయవాదులే, అమెరికా గ్రీన్‌కార్డు లాటరీకి దరఖాస్తులు పెట్టించెద మను ప్రకటనను యూజ్‌నెట్టు అను చర్చావేదికలలోని వేలకొలది శాఖలలో నొకేమాఱు గుమ్మరించిరి. లోకమంతయు దిట్టినది. వారు మాత్రము సిగ్గుపడక, తమ పద్ధతి యితరులకు నేర్పుటకై గ్రంథము సైతము వ్రాసిరి! ఈ గ్రీన్‌కార్డు కథ తెలుగువారికి మఱింత దగ్గఱ. ‘మీకు గ్రీన్‌కార్డు లాటరీ తగిలినది, రుసుము పంపుడు’ అను నుత్తరములు మన పిల్లలకు నేటికిని వచ్చుచున్నవి. ఆ లాటరీ వీసా అమెరికాకు దక్కువమంది వలసపోవు దేశములవారికై యేర్పడినది. భారతదేశమున బుట్టినవారు సాధారణముగ దాని కర్హులే కారు. కావున నట్టి యుత్తరము నిజమా యని విచారింప నక్కఱయే లేదు.

ఇన్ని కోట్ల యుత్తరములు వ్రాసి వారికి లాభ మేమి యని మీ రడుగవచ్చును. 2008లో గాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు స్పాము పంపువారి యంత్రజాలములోనికే ప్రవేశించి లెక్క తీసిరి. ఒక మందుల ప్రకటన ఇరువదియాఱు దినములలో సుమారు 35 కోట్ల యుత్తరములుగ బోయినది. దానిని జూచి కొనబూనినవారు 28 మంది. ముప్పదియైదు కోట్లకు ఇరువదియెనిమిది! ఏ వర్తకుడును ఈ లెక్కతో నంగడి తెఱవడు. పంపుటకు వెల లేదు గావున నా యిరువదియెనిమిది మందియే వానికి లాభము. మిగిలినవారి విసుగు అతని చిట్టాలో నే పద్దునను జేరదు. ఈ యొక్క లెక్కలోనే స్పాము రహస్యమంతయు నున్నది. వెల లేని పనికి హద్దు తనంతట నేర్పడదు, ఎవరైన నేర్పఱుపవలయును.

హద్దు పెట్టిన నేమగునో కూడ లోకము చూచినది. అదే 2008 నవంబరులో గాలిఫోర్నియాలోని మెకోలో అను సంస్థకు ఇంటర్నెట్టు సంబంధమును దెంపివేసిరి. లోకమున దిరుగు స్పాము ఒక్కదినములో సగమునకు బైగా దగ్గిపోయినది. కాని కొలది మాసములలోనే పంపువారు వేఱు దేశములలో నీడ వెదకికొనిరి, ప్రవాహము మరల బెరిగినది. కాస్పర్‌స్కై సంస్థ లెక్కనుబట్టి 2024లో లోకమందలి యీమెయిలులలో సుమారు 47 శాతము స్పామే. అనగా జవాను మోసుకొనివచ్చు సంచిలో నించుమించు సగము చెత్త.

ఇక గొత్తవాడ తల్లి ప్రశ్నకు వత్తము. పేరు వారి కెట్లు దెలిసినది? మొదటి మార్గము, బహిరంగముగ నున్న విలాసములు. పుటలను జదువుచు ఈమెయిలు విలాసముల నేరుకొను యంత్రము లుండును. ఆమెకు వచ్చిన యాపద యిది. రెండవది మనమే యిచ్చుట. హనుమకొండ చౌరస్తాలో రవికెగుడ్డ కొన్నను ‘ఫోను నంబరు చెప్పండమ్మా, ఈమెయిలు చెప్పండమ్మా, లేకున్న బిల్లు రాదు’ అని యడుగుదురు. ఆ మాట నిజము కాదు. బిల్లునకై ఫోను నంబరు నిమ్మని యొత్తిడి చేయరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2023 మే మాసమున దుకాణములవారికి సూచించియున్నది. మూడవది, పట్టికల యమ్మకము. ఇంటర్ పరీక్షలైన వెంటనే, పేరైన విననట్టి కళాశాలలనుండి మీ పిల్లవాని పేరు పెట్టి సీటు సిద్ధమని యుత్తరములు వచ్చుట మీ యనుభవములో నున్నదే. మీరు వ్రాయని పేరు వారికి దెలిసిన దనగా, నెవరో యొక పట్టికను జేతులు మార్చిరి. నాలుగవది దొంగతనము. పెద్ద సంస్థల లెక్కలు దోచబడినపుడు లక్షలకొలది విలాసము లొక్కమాఱుగ బజారున బడును.

అట్టి యుత్తరమును దెఱచుట సైతము ఒక్కొక్కపుడు చిక్కే. అందు గంటికి గానరాని చిన్న బొమ్మ యొకటి యుండును. ఉత్తరము తెఱచినపు డా బొమ్మను దెచ్చుటకై ఫోను పంపువాని యంత్రమును బలుకరించును. దానితో ‘ఈ యింట మనిషి గలదు’ అని వానికి దెలియును. క్రింద నుండు ‘అన్‌సబ్‌స్క్రైబు’ అను మాటను నొక్కుట నిజమైన సంస్థల విషయమున బనికివచ్చును గాని, దొంగల యుత్తరమున దాని నొక్కుట ‘ఎవరూ లేరు’ అని లోపలినుండి కేక వేసినట్లే.

పై కవరు మీద నెవరి పేరైనను వ్రాయగలుగుట యీ వ్యవస్థలోని మూలదోషము. ఈమెయిలు నడచు నియమములు 1982లో గట్టిపడినవి. అప్పటివారు ఒకరి నొకరు నమ్మినవారు గావున, ‘నేను ఫలానా’ యని చెప్పినవాడు నిజముగ నతడేనా యని పరీక్షించు నేర్పాటు చేయలేదు. తరువాత వచ్చిన పరీక్షలన్నియు గోడ కట్టిన పిదప బెట్టిన కిటికీలు. అందుచేతనే రిజర్వు బ్యాంకు పేరిటను, ఆదాయపు పన్నుశాఖ పేరిటను దొంగయుత్తరములు వచ్చును. తా మెవరికిని లాటరీ సొమ్ము పంచమనియు, ఖాతా వివరము లడుగమనియు రిజర్వు బ్యాంకువారు పలుమాఱులు ప్రకటించిరి.

మిత్రలాభమున జెప్పిన ముసలిపులి కథ మనమందఱము బాల్యమున జదివినదే. చేత బంగారు కడియము పట్టుకొని, ‘వృద్ధనైతిని, దానము చేయుదును, స్నానము చేసి రమ్మ’ని బాటసారిని బిలిచి, బురదలో దిగినవానిని భక్షించినది. ఈ పులి ఈమెయిలునకు బూర్వమే తపాలాలో దిరిగినది. స్పెయినులో జెఱ యందున్న ధనికునికి విడుదల రుసుము పంపిన నిధిలో వాటా యిత్తుమని యూరపులో వెనుకటి శతాబ్దములనాడే యుత్తరములు వ్రాసెడివారు. దానికే నేడు ‘నాలుగువందల పందొమ్మిది’ యను పేరు వచ్చినది. అది నైజీరియా శిక్షాస్మృతిలో వంచననుగూర్చిన సెక్షను సంఖ్య. అయితే యీ కథ చెప్పి స్త్రీలను మందలించు నలవాటు నాకు గిట్టదు. మోసపోయిన యిల్లాలిని ‘ఆశపడితివి, అనుభవింపుము’ అందురు. బాటసారికి బుద్ధి చెప్పుట మంచిదే, కాని యా త్రోవన బులిని దిరుగనిచ్చిన రాజు మాట యేమి? కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున నాలుగవ యధికరణమునకు గంటకశోధన మని పేరు పెట్టి, కపటపు వర్తకులనుండియు, శిల్పులనుండియు బ్రజలను గాచుట రాజు పనిగా నిర్ణయించెను. ముల్లు గ్రుచ్చుకొన్నవానిని నిందించు మని యా మహానుభావుడు చెప్పలేదు.

పులి పక్షమున మఱియొక సంగతియు గలదు. అది తలచినపుడు నాకు గుండె బరువెక్కును. మోసపు సందేశములు పంపువారందఱు దొంగలు కారు. మంచి జీతమని నమ్మి మన తెలంగాణమునుండియు, నాంధ్రమునుండియు మయన్మారు, కంబోడియా దేశములకు బోయిన యువకులు పాసుపోర్టులు లాగికొనబడి, కాపలాలో నుంచబడి, ఇతరులను వంచించు సందేశములు పంపుటకు బలవంతపెట్టబడిరి. 2025 మార్చిలో మన ప్రభుత్వము మయన్మారు సరిహద్దునుండి ఐదువందలకు బైగా భారతీయులను థాయిలాండు మీదుగ వైమానికదళపు విమానములలో దెచ్చినది. అందు దెలుగుబిడ్డలును గలరు. వారిని మొదట గడప దాటించినదియు ఉద్యోగ మిప్పింతు మను మోసపు సందేశమే. ఎవని తల్లి యీ కొనను సొమ్ము పోగొట్టుకొన్నదో, ఎవని తల్లి యా కొనను బిడ్డను బోగొట్టుకొన్నదో, ఇద్దఱును మనవారే.

ఇతర దేశములవా రేమి చేసిరి? వారి శాసనములలో రెండు త్రోవలు గానవచ్చును. ‘నీవు వలదనువరకు నేను వ్రాయుదును’ అనునది యొకటి. ‘నీ వొప్పుకొన్న గాని వ్రాయను’ అనునది వేఱొకటి. అమెరికావారు 2003లో జేసిన శాసనము మొదటి త్రోవది. దానిని బట్టి పంపువాడు తన నిజనామమును దాచరాదు, తపాలా విలాసము వ్రాయవలెను, వలదన్న పది పనిదినములలో మానవలెను. మొదటి యుత్తరమునకు మాత్ర మనుమతి యక్కఱలేదు. అందుచే నక్కడివారే దానిని ‘స్పాము పంపవచ్చు’ శాసనమని యెగతాళి చేసిరి. యూరపు దేశములు 2002 నాటి నిర్దేశమునందును, ఆస్ట్రేలియా 2003 నాటి శాసనమునందును, కెనడా 2014 జూలైలో నమలైన శాసనమునందును రెండవ త్రోవ ద్రొక్కినవి. కెనడాలో నియమము తప్పిన సంస్థకు ఒక కోటి డాలరులవఱకు జరిమానా విధింపవచ్చును. ఈ రెంటిలో నేది మన మర్యాదకు దగినదో వేఱుగ జెప్పవలయునా? వాకిట నిలిచి ‘రావచ్చునా?’ యని యడుగుట మన యాచారము. లోపలికి వచ్చి కూర్చుండి, ‘పొమ్మన్న బోయెదను’ అనువానిని మన మతిథి యనము.

మన దేశపు కథ మిక్కిలి విచిత్రము. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక శాసనమున స్పామునుగూర్చి యొక్క మాటయు లేదు. 2008లో దానిని సవరించి 66-ఏ అను సెక్షను చేర్చిరి. అది 2009 అక్టోబరులో నమలునకు వచ్చినది. చికాకు గలిగించు నుద్దేశముతో గాని, ఎక్కడినుండి వచ్చినదో తెలియనీయక వంచించుటకు గాని పంపిన ఈమెయిలునకు మూడేండ్లవఱకు శిక్ష యని యందు వ్రాసిరి. కాని యా ‘చికాకు’ అను మాటకు నర్థము చెప్పలేదు. అందుచే నా కత్తి స్పాము మీద బడుటకు మాఱుగ సామాన్యుల మాటల మీద బడినది. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘరులో నిద్దఱు యువతులు, ఫేసుబుక్కులో నొకతె వ్రాసిన మాటకును మఱియొకతె దానిని మెచ్చికొన్నందుకును, నిర్బంధింపబడిరి. శ్రేయా సింఘాలు అను న్యాయవిద్యార్థిని సుప్రీముకోర్టున బోరాడగా, 2015 మార్చి 24వ తేదిని న్యాయమూర్తు లా సెక్షనును గొట్టివేసిరి. అది మిక్కిలి న్యాయము. ఒక పడుచుపిల్ల యింతటి పని చేసినదని నాకు గర్వమును గలదు. అయితే యా సెక్షనుతోపాటు స్పామును బేర్కొన్న యొక్క వాక్యమును బోయినది. దానికి బదులుగ ఈమెయిలు స్పామునకే ప్రత్యేకమైన శాసన మిన్నేండ్లలో రాలేదు.

వంచన జరిగిన తరువాత నున్న రక్షణలు వేఱు. ఇతరుని వేషమున మోసగించినవానికి 66-డి సెక్షను క్రింద మూడేండ్లవఱకు శిక్ష గలదు. ఢిల్లీ హైకోర్టు 2005లోనే, నాస్కామ్ సంస్థ పేరు పెట్టుకొని దొంగయీమెయిలులు పంపినవారి వ్యవహారమున, నట్టి పని న్యాయవిరుద్ధమని తీర్పు చెప్పినది; ప్రతివాదులు పదునాఱు లక్షల రూపాయలు చెల్లించిరి. ఇవన్నియు దొంగ యింటబడిన పిదప మాట. వాకిటిలోని గుంపును జెదరగొట్టునవి కావు.

ఇందులో మిక్కిలి వింత యేమన, ఫోను విషయమున మనవారు చక్కగనే శ్రమించుచున్నారు. ప్రకటనల పిలుపులు వలదనువారి పట్టికను టెలికాం నియంత్రణ సంస్థ, ‘ట్రాయ్’ అని వ్యవహరింపబడునది, 2007లోనే యారంభించెను. 1909 అను సంఖ్యకు జెప్పిన మీ పేరు చేర్చుకొందురు. 2018 నాటి నియమములలో బంపువారు ముందుగ నమోదు కావలె ననియు, నందుకొనువారి యనుమతి లెక్కలో నుండవలె ననియు నిర్ణయించిరి. 2025 ఫిబ్రవరి సవరణముతో ఫిర్యాదునకు మూడు దినములకు బదులు ఏడు దినముల గడు విచ్చిరి. లెక్కలు తప్పుగ జూపు ఫోను సంస్థలకు రెండు లక్షలనుండి పది లక్షలవఱకు జరిమానా పెట్టిరి. ప్రకటనయైన ఎస్సెమ్మెస్సు చివర ‘పి’ అను నక్షరము, ప్రభుత్వపుదైన ‘జి’ అను నక్షరము నేడు మీ ఫోనులో గనబడుచున్నవి చూడుడు. అదే ప్రకటన ఈమెయిలుగా వచ్చినచో నీ నియమములలో నొకటియు వర్తింపదు! వీధివాకిలికి దలుపు బిగించి పెరటివాకిలి తెఱచి యుంచుటయే గదా యిది.

2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ శాసనము కొంత యాశ కలిగించుచున్నది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడినది. ముఖ్యమైన విధులు పదునెనిమిది మాసముల తరువాత, అనగా 2027 మే మాసమున, నమలునకు రావలసి యున్నవి. అప్పుడు మన యనుమతి లేక మన పేరును విలాసమును బ్రకటనలకు వాడుకొనుట సంస్థలకు గష్టమగును. కాని యందొక సందు గలదు. ఒకరు తమంతట దాము బహిరంగపఱచిన వివరములకు ఆ శాసనము వర్తింపదు. కొత్తవాడ తల్లి విలాసము వర్తకుల పట్టికలో వారి యింటివారే ప్రకటించినది గదా! బేరము కొఱకు వాకిట బలక వ్రేలాడగట్టుకొన్న పేదయిల్లాలికి రక్షణ లేదు. పలక లేని ధనికులకు గలదు. శాసనము చేసినవా రిది యూహింపకపోయి యుందురు.

ఈమెయిలునకు బ్రత్యేకముగ నొక శాసనము గావలె ననుటకు విదేశములనుండి వచ్చు స్పామును మన శాసన మేమి చేయగలదని యాక్షేపింతురు. ఆక్షేపణ కొంత నిజమే. సైబరు నేరములపై 2001 నాటి బుడాపెస్టు ఒడంబడికలో మన దేశము చేరలేదు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 2024 డిసెంబరులో నొక క్రొత్త యొడంబడిక నంగీకరించినది. 2025 అక్టోబరులో హనోయి నగరమున దానిపై బలుదేశములు సంతకములు చేసినవి. నలువది దేశములు స్థిరపఱచిన గాని యది యమలునకు రాదు. ఇది మెల్లగ నడచు బండి. కాని మన పిల్లల పేరులు కొని సీట్లమ్ము కళాశాలలును, అడుగని యప్పులిచ్చువారును, స్థలము లమ్మువారును విదేశీయులా? వారి యంగళ్లు మన యూళ్లలోనే యున్నవి. మొదట నింటి ముంగిలి యూడ్చినచో బిదప వీధి సంగతి మాటాడవచ్చును.

వర్తకము దెబ్బతిను ననువారికి మా ఓరుగల్లు చరిత్రమునుండియే సమాధానము గలదు. కాకతీయ గణపతిదేవుడు 1244వ సంవత్సరమున మోటుపల్లి రేవునందు నభయశాసనము వేయించెను. ఓడ పగిలి యొడ్డునకు గొట్టుకొనివచ్చిన సరకును వెనుకటి రాజులు బలాత్కారముగ దీసికొనుచుండగా, నతడు నియతమైన సుంకము మాత్రము గ్రహించి మిగిలినదంతయు విడిచిపెట్టెద నని దేశదేశముల వర్తకుల కభయ మిచ్చెను. నియమము తెలిసిన రేవునకే మంచి వర్తకులు వత్తురు. అట్లే నిజమైన జంపఖానా బేరగాని యుత్తరము నమ్మకముగ దెఱవబడవలె నన్న, దొంగయుత్తరములు తగ్గవలయును. స్పామువలన మొదట నష్టపడువాడు మర్యాదస్థుడగు వర్తకుడే.

కోరవలసిన శాసనము పెద్దది కానక్కఱలేదు. ప్రకటనయైన ఈమెయిలునకు ముందనుమతి యుండవలెను. ఆ యనుమతి బిల్లునకు ముడిపెట్టి తీసికొన్నదై యుండరాదు. పంపువాని నిజమైన పేరు, ఊరు గనబడవలెను. పట్టిక లమ్మువానికి, కొన్నవానికి, ఎవని సరకునకై యుత్తరము వెడలినదో వానికి గూడ జరిమానా యుండవలెను. ఏలయన, బంపినవాడు దొరకకున్నను సరకమ్మువాడు దొరకును. శిక్ష మాత్రము సొమ్ము రూపముననే యుండవలెను, చెఱసాల వలదు. ఒకరి కొకరు వ్రాసికొను మాటల జోలికిని, రాజకీయ విమర్శల జోలికిని ఆ శాసనము పోరాదు. 66-ఏ మన కది నేర్పినది. ఇందునకు ద్రోవ యిదివఱకే కొంత యున్నది. 2023 నాటి టెలికమ్యూనికేషనుల శాసనములోని 28వ సెక్షను, బ్రకటన సందేశములకు ముందనుమతి విధించుటకు బ్రభుత్వమున కధికార మిచ్చినది. ఆ మాటను ఈమెయిలునకు గూడ స్పష్టముగ వర్తింపజేసినచో సగము పని యగును. ఇది సాధ్యము కాదనువారు, 2024 ఫిబ్రవరినుండి గూగులు, యాహూ సంస్థలు దమంతట బెట్టిన నియమము జూడవలెను. దినమునకు ఐదువేలకు మించి పంపువారు తమ పేరు నిజమని రుజువు చేయవలెను, వలదనుటకు నొకే నొక్కుతో ద్రోవ చూపవలెను, వేయింటికి మూడు ఫిర్యాదులు మించనీయరాదు. సంస్థ చేయగలిగినది ప్రభుత్వము చేయజాలదా?

శాసనము వచ్చువఱకు మన పని మనము చేసికొనక తప్పదు. దుకాణమునకు, పోటీపరీక్షకు, బ్యాంకునకు నొకే విలాస మీయక, వేఱువేఱుగ రెండు పెట్టుకొనుట మంచిది. స్పాము అఱను వారమున కొకమాఱైన దెఱచి, జాఱిన గింజ లున్నవేమో చూడవలెను. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. గంట గడచినకొలది సొమ్ము చేతులు మాఱిపోవును. త్వరగ జెప్పిన బ్యాంకులో నాపుట కవకాశ ముండును. ఆ ఫోను చేయుటకు భర్త వచ్చువఱకు వేచియుండ బనిలేదు.

ఇక నొక మాట. ట్రాయ్‌వారు గాని, కేంద్ర ప్రభుత్వమువారు గాని క్రొత్త నియమములు చేయునపుడు ముసాయిదా ప్రకటించి ప్రజల యభిప్రాయముల నడుగుచుందురు. డేటా శాసనపు నియమావళికి 2025 జనవరిలో నట్లే యడిగిరి. అప్పుడు సంస్థలును, న్యాయవాదులును వ్రాసిరి; మహిళాసంఘములును, పొదుపుసంఘములును వ్రాసిన మాట నా చెవిని బడలేదు. మా వీధి సంఘపు స్త్రీలము వచ్చు సమావేశమున గొత్తవాడ తల్లి ఫోనులోని యొక్క వారపు స్పామును లెక్కపెట్టి, ఎవరు పంపినది, ఏ సరకునకు, ఏ యూరినుండి, యని పట్టిక వ్రాసి, మా పార్లమెంటు సభ్యులకు బంపదలచితిమి. ఆ యుత్తరము కాగితము మీద వ్రాసి, బిళ్ల యంటించి తపాలాలోనే వేయుదుము. ఈమెయిలుగా బంపిన వారి స్పాము అఱలో బడునేమో యని యా తల్లియే యనినది.